జెయింట్స్ ఆట: స్టేడియంలోనా, రేడియోలోనా?

బర్క్‌లీలో చదువుతూ శాన్‌ఫ్రాన్సిస్కో బేస్‌బాల్ జట్టు జెయింట్స్ మీద ప్రేమ పెంచుకున్నవాళ్లకు ఫీజు టెన్షన్ కొత్త కాదు. 2025లో డిగ్రీలో చేరిన బయటి రాష్ట్రాల, దేశాల విద్యార్థులు మామూలు ఫీజు మీద కట్టే అదనపు రుసుమునే, బర్క్‌లీ క్యాంపస్ ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ 34,200 డాలర్ల నుంచి 37,602కు పెంచింది. మన పిల్లలు చాలామందికి అది ఇంటి దగ్గర తెచ్చిన అప్పే. అందుకే ఆట చూడాలన్నా ఖర్చు లెక్క చూసుకోవాల్సిందే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ స్టేడియం ఒరాకిల్ పార్క్‌కు వెళ్తే టికెట్‌తో ఖర్చు ఆగదు. బార్ట్ రైలు, తిండి, పోయిన సాయంత్రం చదువు అన్నీ కలుస్తాయి. కానీ బంతి కుడివైపు గోడ దాటి పక్కనే ఉన్న మెకోవీ కోవ్ నీళ్లలో పడ్డప్పుడు లేచే ఆ హోరు మరెక్కడా దొరకదు.

రేడియోకు పైసా ఖర్చు లేదు. జెయింట్స్ ఆటలు వినిపించే కేఎన్‌బీఆర్ 680 స్టేషన్ పెట్టుకుని బట్టలు ఉతుక్కోవచ్చు, అసైన్‌మెంట్ రాసుకోవచ్చు. సీజన్‌లో 162 మ్యాచ్‌లు. రోజూ వింటే ఏ పిచర్ (బంతి విసిరేవాడు) అలసిపోయాడో కామెంటేటర్ గొంతును బట్టే తెలిసిపోతుంది. లీగ్ ఆటలను నెట్‌లో చూపే ఎంఎల్‌బీ టీవీకి మామూలు చందా కడదామంటే, సొంత ఊరి జట్టు ఆటలు ప్రత్యక్షంగా రాకుండా ఆపేస్తారు. అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

నా ఓటు రేడియోకే. స్టేడియానికి ఏడాదికి ఒక్కసారి, పరీక్షలు అయ్యాక. అప్పుడూ డబ్బు లేకపోతే కుడివైపు గోడ కింద, నీటి ఒడ్డున కమానుల దగ్గర నిలబడండి. కాసేపు ఉచితంగానే చూడనిస్తారు.