ఇంట్లో చవక క్లస్టర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెబుతాను. మీక్కావలసింది వేగమే అయితే చిన్న బోర్డులతో క్లస్టర్ (నెట్‌వర్క్‌తో కలిపి ఒక్కటిగా పని చేయించే కంప్యూటర్ల గుంపు) కట్టకండి. అదే డబ్బుకు దొరికే సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఒక్కటే చాలా పనుల్లో దాన్ని దాటేస్తుంది. ఈ మాట చెబుతున్న నేను మాత్రం నా క్లస్టర్‌ని తీసేయలేదు, తీసేసే ఉద్దేశమూ లేదు.

నా సెటప్ మామూలుదే. నాలుగు రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు), ఒక్కోదానిలో 4 జీబీ ర్యామ్, వాటిని కేబుళ్లతో కలిపే ఒక గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్, ఒకదానిపై ఒకటి ఎడంగా పేర్చే స్టాండు, పక్కన ఒక ఫ్యాను. మొదట్లో అందులో ఒక బోర్డే హెడ్ నోడ్, అంటే మిగతా నోడ్లకు (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటరూ ఒక నోడ్) పని పంచేది. పై 4నే తీసుకున్నది నెట్‌వర్క్ కోసం. అంతకుముందు వచ్చిన 3బీ ప్లస్‌కి గిగాబిట్ పోర్టు ఉన్నా, డేటా యూఎస్‌బీ 2 మీదుగా పోవాలి కాబట్టి వేగం 300 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. క్లస్టర్‌లో ఈ తేడా ప్రాసెసర్ తేడా కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డోనాల్డ్ బెకర్ బజార్లో దొరికే 486 డీఎక్స్4 ప్రాసెసర్లు 16 కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టినప్పుడూ ఇదే గొడవ. ఒక్క ఈథర్‌నెట్ లైను చాలక, లైన్లను జతకట్టి వాడారు.

ఖర్చు సంగతికొస్తే, చారాణా కోడికి బారాణా మసాలా. బోర్డుల ధర చూసి లెక్కలు వేసుకుంటాం గానీ స్విచ్, కేబుళ్లు, ఎస్ఎస్‌డీ, పవర్ అన్నీ కలిస్తే లెక్క ఎక్కడికో పోతుంది. అందులోనూ పవర్ దగ్గర పిసినారితనం పనికిరాదు. ఒక్కో బోర్డుకి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు కావాలి. చవక మల్టీపోర్ట్ చార్జర్ మీద రాసిన వాట్లు అన్ని పోర్టులకీ కలిపి. నాలుగు బోర్డులూ ఒకేసారి పనిలో పడితే వోల్టేజీ పడిపోతుంది. 4.63 వోల్టుల కిందికి వచ్చిందంటే బోర్డు తనంతట తనే నెమ్మదిస్తుంది. ప్రోగ్రాంలో ఎర్రర్ ఏమీ రాదు, పని మాత్రం సాగదు. ఎంపీఐ (నోడ్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి) ప్రోగ్రాముల్లో అయితే అందరికంటే వెనకబడ్డ నోడ్ కోసం మిగతావన్నీ చేతులు కట్టుకుని కూర్చుంటాయి. పని నెమ్మదిగా ఉందనిపిస్తే కోడ్ జోలికి వెళ్లకముందు ప్రతి నోడ్‌లో గెట్ థ్రాటిల్డ్ కమాండ్ (vcgencmd get_throttled) కొట్టి చూడండి. సున్నా వస్తే సరే. ఇంకేదైనా వస్తే అది పవరో, వేడో.

ఎస్‌డీ కార్డుల గురించి ఎక్కువ చెప్పను. లాగ్‌లు రాసీ రాసీ, మధ్యలో కరెంటు పోయీ అవి చస్తాయి. హెడ్ నోడ్‌కి ఎస్ఎస్‌డీ పెట్టి, మిగతావాటిని నెట్‌వర్క్ నుంచి బూట్ చేయించండి. ఆ బాధ పోతుంది.

అన్నిటికంటే తిప్పలు పెట్టింది గడియారం. కరెంటు పోయి వచ్చాక చూస్తే స్లర్మ్‌లో (నోడ్లకు పనులు పంచే షెడ్యూలర్) రెండు నోడ్లు డౌన్. పింగ్ వెళ్తోంది, ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచి లాగిన్ అవుతోంది, స్విచ్ లైట్లు వెలుగుతున్నాయి. లాగ్ తెరిస్తే క్రెడెన్షియల్ (గుర్తింపు టోకెన్) గడువు తీరిపోయిందని ఉంది. అప్పుడు డేట్ అని కొడితే కరెంటు పోయినప్పటి టైమే చూపిస్తోంది. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు, ఇంటర్నెట్ వచ్చేదాకా పాత టైమే నిజమనుకుంటుంది. నోడ్ల గుర్తింపు కోసం స్లర్మ్ నమ్ముకునే మంజ్ అనే ప్రోగ్రాం ఇచ్చే టోకెన్ మామూలుగా 5 నిమిషాలే చెల్లుతుంది. ఇక ఆ నోడ్ల మాట ఎవరు వింటారు? హెడ్ నోడ్‌లో క్రోనీ అనే టైం సరిచేసే ప్రోగ్రాం పెట్టి, మిగతావి దాన్నుంచే టైం తీసుకునేలా చేసి, టైం సరిపడ్డాకే స్లర్మ్ మొదలయ్యేలా మార్చాక గానీ టెన్షన్ తీరలేదు.

నేను దీన్ని ఉంచుకున్నది ఇలాంటివి నేర్పుతుందనే. వర్చువల్ మెషీన్లలో (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) కూడా స్లర్మ్ నేర్చుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా. కానీ వాటన్నిటికీ పవర్ ఒకటే, గడియారం ఒకటే. ఒకదానికే వోల్టేజీ తగ్గడం, ఒక్కటే టైం తప్పడం అక్కడ అంత తేలిగ్గా జరగదు. ప్రోగ్రాములను క్లస్టర్ అంతటా నడిపే కే3ఎస్‌తో మూడు సర్వర్లు (కంట్రోల్ చేసే నోడ్లు) పెట్టి ఒకదాని కేబుల్ లాగేస్తే మిగతా రెండూ నడిపించేస్తాయి. రెండే పెట్టి ఒకటి లాగితే మెజారిటీ లేక కంట్రోల్ అంతా ఆగిపోతుంది. అంటే రెండు సర్వర్ల కంటే ఒక్కటే నయం! చదివితే సరే అనుకుని వదిలేస్తాం. చేత్తో కేబుల్ లాగి చూస్తే మర్చిపోం.

ఇక అసలు పనులు. వీడియోలను ముక్కలు చేసి తలో ముక్కా ఎన్‌కోడ్ చేయించడం భేషుగ్గా నడుస్తుంది, ఎందుకంటే నోడ్లకు ఒకదానితో ఒకటి మాట్లాడే పనే లేదు. కంపైలింగ్‌ని నోడ్లకు పంచే డిస్ట్‌సీసీతో పెద్ద ప్రోగ్రాం కంపైల్ చేస్తే ఆ పని పంచుకుంటాయి గానీ ముక్కలన్నీ కలిపే చివరి లింకింగ్ అంతా ఒక్క మెషీనే చేయాలి. పనిలో పదో వంతు ఇలా పంచడానికి వీల్లేనిదైతే, ఆమ్‌డాల్ సూత్రం ప్రకారం నాలుగు నోడ్లకు వచ్చే లాభం దాదాపు 3 రెట్లే. లిన్‌ప్యాక్ (పెద్ద సమీకరణాలు చేయించి వేగం కొలిచే పరీక్ష) లాంటివి నోడ్ల మధ్య డేటాను అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాయి. గిగాబిట్ అంటే సెకనుకు 125 ఎంబీ మించదు, ర్యామ్ వేగం ముందు అది ఏ మూలకు?

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: నాలుగు 4 జీబీలు కలిసి 16 జీబీ అవుతాయా అని. అవవు. 10 జీబీ కావాలనే ప్రోగ్రాం ఇందులో ఏ నోడ్‌లోనూ నడవదు, దాన్ని ముక్కలుగా పనిచేసేలా మీరే తిరగరాస్తే తప్ప.

కరెంటు వాడకం, శబ్దం విషయంలో ఫిర్యాదు లేదు. ఖాళీగా ఉంటే ఒక్కో బోర్డు 3 వాట్ల చుట్టూ, పూర్తి లోడులో 6, 7 వాట్లు తీసుకుంటుంది. ఫ్యాను మాత్రం తప్పనిసరి, 80 డిగ్రీలు దాటితే వేగం తగ్గించేసుకుంటాయి.

ఇప్పుడు కొత్తగా కట్టేవాళ్లకు ఆఫీసుల నుంచి బయటికొచ్చే మినీ పీసీలు మూడు తీసుకోమంటాను. 35 వాట్ల ప్రాసెసర్, ఎస్ఎస్‌డీ, గడియారానికి బ్యాటరీ అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్కోదానికి ఇటుకంత అడాప్టర్ ఉంటుంది, చోటు చూసుకోండి. నేనూ హెడ్ నోడ్‌ని అలాంటిదానికే మార్చాను, బోర్డులు నాలుగూ ఇప్పుడు వర్కర్లే. దీనితో ఒక చిక్కుంది: మినీ పీసీ ప్రాసెసర్‌ది ఎక్స్86 రకం, బోర్డులది ఆర్మ్ రకం. ఒకదానికి కంపైల్ చేసింది రెండోదానిలో నడవదు. అందుకే హెడ్ నోడ్‌కి షెడ్యూలర్, ఫైల్ షేరింగ్, టైం మాత్రమే అప్పగించి, కంపైల్ చేయాల్సింది ఏదైనా ఒక వర్కర్‌లోకి వెళ్లి చేసుకుంటున్నాను.