విపశ్యన: పదిరోజుల శిబిరం తర్వాతి సంగతులు

విపశ్యన అనే బౌద్ధ ధ్యాన పద్ధతి గురించి తెలుగులో కనిపించే రాతలు ఎక్కువగా శిబిరం నుంచి ఇంటికి వచ్చిన వారం పది రోజుల్లో రాసినవే. జీవితమే మారిపోయిందని కొందరు రాస్తారు, జైల్లో పెట్టినట్టుందని మరికొందరు. ఆ వారానికి రెండూ నిజమే. ఆ వేడి చల్లారి, పప్పులో ఉప్పు ఎక్కువైందన్న మాటకు మళ్లీ ముఖం మాడ్చుకునే రోజులు వచ్చాక ఏం మిగులుతుందో రాసేవారు తక్కువ. ఏళ్ల తరబడి చేస్తున్నాను కాబట్టి ఆ ముక్క నేను రాస్తాను.

నాది లెక్కల విభాగంలో ఉద్యోగం. నెలనెలా జీఎస్టీ రిటర్నులు, మార్చి నెలాఖరు, దాని వెనకే ఆడిట్. ఇంట్లో చదువుకునే పిల్లలు, మందులు వేసుకున్నారో లేదో గుర్తుండని అత్తగారు. బౌద్ధమంటే నాగార్జునకొండ మ్యూజియం, అమరావతి స్తూపం చూసి వచ్చినంత వరకే తెలుసు. నన్ను ఈ వైపు లాగింది ఒక సంగతి. ఈ పద్ధతిని గృహస్థులకు నేర్పిన సయాజీ ఊ బా ఖిన్ 1948లో స్వతంత్ర బర్మాకు తొలి అకౌంటెంట్ జనరల్. తన కార్యాలయ సిబ్బందికీ ధ్యానం నేర్పారు. ఆయన శిష్యుడు సత్యనారాయణ గోయెంకా మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. తీవ్రమైన మైగ్రేన్ తలనొప్పితో విసిగి 1955లో ఆయన దగ్గరకు వెళ్లి, 1969లో భారతదేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు. బ్యాలెన్స్ షీటు తెలిసినవారు నేర్పిన ధ్యానమైతే నాకూ పనికొస్తుందేమో అనుకున్నాను.

శిబిరం దినచర్య అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు గంట కొడతారు, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పుతారు. మధ్యలో సుమారు పది గంటల ధ్యానం. ఫోను, పుస్తకం, కలం ఉండవు. పక్కవారితో మాట ఉండదు, కంటితో పలకరింపు కూడా ఉండదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి రాకపోకలు గమనించడమే, దాన్ని ఆనాపాన అంటారు. నాలుగో రోజు నుంచి విపశ్యన: తల నుంచి పాదాల దాకా ఒంటిలోని ప్రతి భాగాన్నీ వరసగా చూసుకుంటూ వెళ్లడం, అక్కడ తెలిసే వేడి, దురద, నొప్పి, తిమ్మిరి ఏదైనా సరే, ఇష్టపడకుండా, విసుక్కోకుండా చూడడం. రోజూ మూడుసార్లు, గంట చొప్పున, కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి. ఆ గంటల్లో మోకాలే లోకమైపోతుంది. ఇది పోదు, ఇలాగే పగిలిపోతుంది అనిపించిన నొప్పి కాసేపటికి ముక్కలై, జరిగి, ఎక్కడికో పోతుంది. కొన్నిసార్లు పోదు కూడా. రెండిటినీ ఒకేలా చూడమంటారు.

పదోరోజు మౌనం విప్పాక ఆడవాళ్ల వైపు చెలరేగే గోల వర్ణించడం నావల్ల కాదు.

ఇక ఇంటి సంగతి. రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట చేయాలని చెప్పి పంపుతారు. ఉద్యోగం, వంట ఉన్న మనిషికి ఇది పెద్ద కోరిక. పొద్దున గంట నాకు కుదిరింది. ఐదింటికి లేస్తే పాలవాడు వచ్చేలోపు అయిపోతుంది. సాయంత్రం గంట మాత్రం ఎప్పుడూ గండమే. అన్నాలయ్యాక పడుకోబోయే ముందు కూర్చుంటే, మనసు తేటపడి నిద్రే పారిపోయేది. ఆఫీసు నుంచి వచ్చి, టీ పెట్టుకోకముందే, గది తలుపు వేసుకుని అరగంట కూర్చోవడం నాకు పట్టిన పద్ధతి. కుక్కరు ఈలలు, కింద ఇంట్లో గ్రైండరు, తలుపు మీద పిల్లల దరువు, అన్నీ ఉంటాయి. అవి ఆగితే చేద్దామనుకునేవారు ఎప్పటికీ చేయరు. పెళ్లిళ్లు, జ్వరాలు, మార్చి నెల వచ్చినప్పుడు వారాల తరబడి మానేసిన కాలాలున్నాయి. మానేశాక తిరిగి పట్టుకోవడానికి దారి ఆనాపానే. ఒంటి మీదికి వెళ్లకుండా కొద్ది రోజులు ఊపిరితోనే కూర్చుంటే దారి దొరుకుతుంది.

ఇన్నేళ్లకు వచ్చిన ఫలితం ఏమిటంటే, ప్రశాంతత అని చెప్పలేను. కోపం పోలేదు. కోపం వచ్చిన సంగతి ముందుగా తెలుస్తోంది, అంతే. ఆడిట్ రోజుల్లో ఒక బిల్లు రెండుసార్లు ఎక్కిందని నలుగురిలో నిలదీసినప్పుడు మొదట చెవులు వేడెక్కుతాయి, తర్వాత గొంతు కింద ఏదో బిగుసుకుంటుంది, మాట ఆ తర్వాత వస్తుంది. పూర్వం ఈ మూడూ ఒక్కటిగానే ఉండేవి. ఇప్పుడు చెవుల దగ్గరే పట్టుబడుతుంది. అక్కడ పట్టుబడితే "సాయంత్రంలోగా సరిచూసి పంపిస్తాను" అనే మాట నోటికి వస్తుంది. పట్టుబడని రోజున పాత మాటే వస్తుంది, దాని ఫలితమూ పాతదే. ఈ తేడా కొద్దిదేనని తెలుసు. కానీ ఆఫీసులోనూ, ఇంట్లోనూ నేను పడ్డ గొడవల్లో చాలాభాగం ఆ కొద్దిపాటి వ్యవధి లేకనే వచ్చాయి.

ఫోను విషయంలో జరిగింది ఇంకా ఆసక్తికరం. చేయి ఫోను వైపు వెళ్లేది ఏదో చూడాలని కాదని గమనించాను. చేస్తున్న పని కష్టంగా తోచినప్పుడు, ఎవరి మాటో గుచ్చుకున్నప్పుడు, ఛాతీలో ఒక చిన్న అసౌకర్యం పుడుతుంది. చేయి దాన్నుంచి పారిపోతోంది. ఫోనులో సమయ పరిమితులు పెట్టుకున్నా ఆ పరిమితిని దాటే మీట కూడా ఆ ఫోనులోనే ఉంటుంది కదా. ఆ అసౌకర్యాన్ని రెండు ఊపిరుల సేపు చూస్తే మాత్రం చాలాసార్లు అది కరిగిపోతుంది, చేయి వెనక్కి వస్తుంది. సంయుత్త నికాయమనే పాళీ బౌద్ధ గ్రంథంలో బుద్ధుడు రెండు బాణాల పోలిక చెబుతాడు. ఒంటికి తగిలే నొప్పి మొదటి బాణం, దాని మీద మనం పెట్టుకునే ఏడుపు రెండోది. శిక్షణ పొందినవాడికి మొదటిదొక్కటే తగులుతుందట. నాకు ఇప్పటికీ రెండూ తగులుతాయి, రెండోది కాస్త పైపైన దిగుతుంది.

పని చేయని చోట్లు కూడా చెప్పాలి. నడుం నొప్పి ధ్యానంతో తగ్గలేదు, ఫిజియోథెరపీతో తగ్గింది. నిద్ర తక్కువైన రోజు గంట కూర్చుంటే గంటసేపూ జోగడమే. ఇద్దరి పని ఒక్కరి మీద వేసినప్పుడు సమభావంతో మోయడం నాకు సరైన పనిగా తోచలేదు, వెళ్లి మాట్లాడడమే సరైన పని. అయితే గొంతు పెంచకుండా, కాగితాలు ముందు పెట్టి మాట్లాడగలిగాను, ఆ మేరకు దీనికి మార్కులు వేస్తాను. ఉద్యోగులకు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఏమరుపాటు లేకుండా గమనించే ధ్యానం, తరగతులు పెట్టి, రాత్రి పదింటికి మెయిళ్లు పంపే కార్యాలయాల తీరు చూస్తే నవ్వు వస్తుంది. సంస్థ సరిచేసుకోవలసినదాన్ని ఉద్యోగి ఊపిరి మీదికి నెట్టడం అది.

ఆ మైండ్‌ఫుల్‌నెస్‌కు ఆసుపత్రి రూపం ఇచ్చింది జాన్ కబాట్-జిన్. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో, దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవారి కోసం కొన్ని వారాలపాటు సాగే కార్యక్రమం మొదలుపెట్టారు. పదిరోజులు ఇల్లు వదలలేనివారికి అది మంచి దారి. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ధ్యాన కార్యక్రమాల మీద వచ్చిన సమీక్ష 47 ప్రయోగాలను, 3,515 మందిని లెక్కలోకి తీసుకుని, ఆందోళన, కుంగుబాటు, నొప్పి విషయాల్లో ఒక మోస్తరు మేలు ఉందని తేల్చింది. మందులు, వ్యాయామం వంటి చికిత్సల కన్నా మెరుగనడానికి ఆధారం దొరకలేదని కూడా అందులోనే ఉంది. నా చిట్టాలో లాభనష్టాలూ దాదాపు అలాగే తేలాయి. ఇక ఫోను యాప్‌లు. వరసగా ఎన్ని రోజులు చేశామో పతకాలిచ్చి మెచ్చుకోవడం నాకు నచ్చదు. ఆశ పడకుండా చూడమనే విద్యకు ఆశ పెట్టడం ఏమిటి?

శిబిరంలో సాయంత్రం చూపే గోయెంకా వీడియో ప్రవచనాల్లో ఒక విషయం నాకు మింగుడు పడలేదు. ఈ పద్ధతి బుద్ధుడు నేర్పినట్టే చెక్కుచెదరకుండా బర్మాలో నిలిచిందంటారు. పేర్లతో చెప్పే గురుపరంపర 1846లో పుట్టి 1923లో పోయిన లేడీ సయాడో అనే బర్మా భిక్షువు వరకే వెళ్తుంది. ఆ బర్మాలోనే మహాసి సయాడో అనే మరో భిక్షువు పొట్ట పైకీ కిందికీ కదలడాన్ని గమనించే వేరే పద్ధతి నేర్పారు, ఆయనా ఆధారం బుద్ధుడి ఉపదేశమైన సతిపట్ఠాన సూత్రమేనన్నారు. ఇంటిపెద్దలు తమ ఊరగాయే అసలైనదన్నట్టుగా ఉంటుంది ఈ వాదం. రుచి చూడడానికి దాన్ని నమ్మనక్కర్లేదు. కానీ రెండు పద్ధతులు కలపొద్దన్న సలహా మాత్రం మంచిది. కలిపి చేసినవారు ఏది పనిచేసిందో ఎప్పటికీ తేల్చుకోలేరు.

శిబిరంలో కూర్చోవడం కన్నా అక్కడ సేవకు వెళ్లడం నాకు ఎక్కువ నేర్పింది. ఒకసారి పదిరోజుల శిబిరం పూర్తిచేసినవారు ధమ్మసేవకు వెళ్లవచ్చు. తెల్లవారకముందే ఉప్మాకు ఉల్లిపాయలు తరగాలి, అదీ తరిగే తీరులో అభిప్రాయభేదాలున్న నలుగురితో. కళ్లు మూసుకుని సమభావం చూపడం సులువు. కత్తిపీట దగ్గర, "అలా కాదమ్మా" అని చేతిలోంచి లాక్కునే పెద్దావిడ ముందు చూపడం అసలు పరీక్ష.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీది ధమ్మఖేత్త దేశంలోని తొలి కేంద్రాల్లో ఒకటి. నాగార్జునసాగర్‌లోనూ, ఏలూరు దగ్గర విజయరాయిలోనూ కేంద్రాలున్నాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. రుసుము లేదు, శిబిరం పూర్తిచేసినవారి దగ్గర మాత్రమే విరాళం తీసుకుంటారు, అదీ ఇష్టమైతేనే. సూచనలు, ప్రవచనాలు తెలుగులో వినవచ్చు. మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు దరఖాస్తులో దాచకూడదు, వైద్యుడితో మాట్లాడకుండా వెళ్లకూడదు. ఈ మధ్యే ఇంట్లో చావో, విడాకులో జరిగినవారు కొంతకాలం ఆగడమే మంచిదని నా అభిప్రాయం. పది రోజుల మౌనంలో ఆ దుఃఖానికి మాట తోడు ఉండదు. సాయంత్రం ఐదింటికి కొత్తవారికి టీ, పండు ఇస్తారు, తర్వాత పొద్దున్న దాకా ఏమీ ఉండదు, కాబట్టి షుగరు ఉన్నవారు ముందే చెప్పాలి. తెల్లవారుజామున హాల్లో చలి ఉంటుంది, శాలువా పెట్టుకోండి. ఫోను లోపలికి రాదు గనుక చిన్న అలారం గడియారం కూడా. మోకాళ్ల నొప్పి ఉంటే దరఖాస్తులోనే రాసి కుర్చీ అడగండి, నేల మీద కూర్చున్నవారికి ప్రత్యేక పుణ్యమేమీ రాదు.