బ్రోకెన్ హిల్, మార్ఫా: ఎవరి టైమ్ వాళ్లది
ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ ఉన్నది న్యూ సౌత్ వేల్స్‌లోనే, కానీ గడియారం మాత్రం పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియాది, అంటే సిడ్నీ కంటే అరగంట వెనక. మార్ఫా అమెరికాలో, టెక్సస్ పడమటి ఎడారిలో ఉంది, టైమ్ అమెరికా సెంట్రల్ జోన్‌ది. రెండు ఊళ్ల మధ్య తేడా జూలైలో 14 గంటల 30 నిమిషాలు, జనవరికి వచ్చేసరికి 16 గంటల 30 నిమిషాలు, ఎందుకంటే ఒకచోట వేసవి అయితే ఇంకోచోట చలికాలం, వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే అలవాటు ఇద్దరికీ ఉంది. ఫోన్ చేయాలంటే టెన్షనే.

బ్రోకెన్ హిల్ పక్కా గనుల ఊరు. 1885 నాటి గనుల కంపెనీ బీహెచ్‌పీ మొదలైంది ఇక్కడి వెండి, సీసంతోనే. వీధుల పేర్లు కూడా క్లోరైడ్, సల్ఫైడ్, ఆక్సైడ్! మార్ఫా పశువుల ఊరు, 1970లలో అమెరికన్ కళాకారుడు డొనాల్డ్ జడ్ వచ్చాక కళాకారుల అడ్డా అయింది. పాత సైనిక షెడ్లలో ఆయన పెట్టిన 100 అల్యూమినియం పెట్టెలు చూడ్డానికే జనం అంత దూరం వెళ్తారు. నా ఓటు మాత్రం గనుల ఊరికే, అక్కడ షోకు తక్కువ.