గొంతు బిగిసే సౌండు, నాలుక వెనక లేచే సౌండు
మా కావలి నుంచి గల్ఫ్ పోయొచ్చిన బాబాయి అరబ్బీ మాట్లాడతా ఉంటే నాకు ముందు ‘స’ ఒకటే వినపడేది, సైఫ్ అంటే కత్తి అంటాడు, మళ్ళీ సైఫ్ అంటే ఎండాకాలం అంటాడు. తర్వాత అర్థమయింది, రెండోది ఫారింజియలైజ్డ్ ‘స’, అంటే గొంతు బిగించి పలికే ‘స’ అని. నాలుక మొన పళ్ళ దగ్గరే ఉంటది గానీ నాలుక మొదలు గొంతు వెనక గోడ వైపుకి జరిగి దారి ఇరుకవుద్ది, పక్కనుండే ‘అ’ కూడా బరువెక్కిపోద్ది. తీన్ కూడా అట్టాగే, మామూలు ‘త’ అయితే అంజూర, గొంతు బిగించిన ‘త’ అయితే బంకమట్టి.

ఇంకో రకం సౌండు వెలరైజ్డ్, అందులో నాలుక వెనక భాగం మనం ‘క’ పలికే చోటు వైపు పైకి లేస్తది. ఇంగ్లీషోళ్ళు ఫీల్ అన్నప్పుడు చివర వచ్చే ‘ల’ చాలామంది నోట్లో ఇదే, లీఫ్‌లో ‘ల’ తేలిక. ఇది మన ‘ళ’ మాత్రం కాదు, దానికి నాలుక మొన వెనక్కి మడవాలి. ఇంగ్లీషులో దీంతో అర్థం మారదు, ఐరిష్‌లో మారుద్ది: వెలరైజ్డ్ ‘బ’తో బో అంటే ఆవు, మెత్తగా బ్యో అంటే బతికున్న అని.

నాకైతే వెలరైజ్డే సులువు, ‘క’ చోటు మనకి అలవాటే కదా. అరబ్బీదానికి మాత్రం హల్లు కోసం చెవి పెట్టబాకండి, పక్కనుండే అచ్చు వినండి, తేడా ముందు అక్కడే దొరుకుద్ది.