చేతిరాత ఫాంట్ కొనేముందు మీ మాట టైప్ చేయించి చూడండి

శుభలేఖలు డిజైన్ చేసేవాళ్లు ఇది కాస్త చదవండి. సోషల్ మీడియాలో ఒక పేజీని నమ్మి తెలుగు, ఇంగ్లీషు చేతిరాత ఫాంట్ల సెట్టు 1,499 రూపాయలకు కొని మోసపోయాను.

వాళ్లు పెట్టిన బొమ్మలో ‘శ్రీరస్తు శుభమస్తు’ ఎంత ముద్దుగా ఉందో! పెన్ను ఎత్తకుండా రాసిన గొలుసుకట్టు రాత. మా తాతగారి కార్డుముక్కలు గుర్తొచ్చి వెంటనే డబ్బు కట్టేశాను.

మర్నాడు సాయంత్రానికి చిక్కడపల్లి ప్రెస్సుకి ఫైలు ఇవ్వాలి. పెళ్లికూతురి పేరులో ‘త్స్న’ ఉంది. టైప్ చేస్తే త కింద వత్తులు రాలేదు. త్, స్, న అని మూడు ముక్కలై, పొల్లులతో సహా పక్కపక్కన పడ్డాయి. ‘లక్ష్మి’ కూడా అంతే. బొమ్మలో చూపించిన ‘శ్రీ’, ‘స్తు’ మాత్రం బాగానే వచ్చాయి.

ఫోన్ చేస్తే “మీ ఫోటోషాప్ సెట్టింగ్ తప్పండీ” అన్నాడు. ఫోటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ అనే సెట్టింగ్ పెట్టకపోతే తెలుగు వత్తులు చెదిరిపోయే మాట నిజమే. కానీ నేను అది పెట్టే ఉంచాను. అదే పేరు మండలి అనే వేరే తెలుగు ఫాంట్‌లో కొడితే చక్కగా వచ్చింది. వీళ్ల ఫాంట్ వర్డ్‌లోనూ విరిగింది. అంటే వత్తులు కూర్చే పని కొన్ని అక్షరాలకే చేసి, మిగతావి వదిలేసి అమ్ముతున్నారు. ఈ సంగతి చెప్పాక మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

ఇంతకంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. ఇంగ్లీషు ఫాంట్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే, కాపీరైట్ దగ్గర ఎవరో విదేశీ డిజైనర్ పేరు, పక్కనే ‘పర్సనల్ యూజ్ ఓన్లీ’ అని ఉంది. సొంతానికి వాడుకోమని ఒకరు ఉచితంగా ఇచ్చినదాన్ని వీళ్లు పేరు మార్చి అమ్ముకుంటున్నారు! దాంతో కస్టమర్‌కి కార్డు చేసిస్తే రేపు అడిగేది మనల్నే.

అందుకే డబ్బు కట్టకముందే మీకు కావలసిన పేర్లు పంపి, వాళ్లు టైప్ చేస్తుండగా స్క్రీన్ రికార్డింగ్ అడగండి. జ్యోత్స్న, లక్ష్మి, స్వాతంత్ర్యం, వీటితోపాటు అంకెలు, రూపాయి గుర్తు కూడా. కమర్షియల్ లైసెన్స్ రాతపూర్వకంగా తీసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, గిడుగు, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, కస్టమర్ పనికి నిశ్చింతగా వాడుకోవచ్చు. గొలుసుకట్టు ఫాంట్ మంచిది దొరికినా వధూవరుల పేర్ల వరకే వాడండి. ముహూర్తం, అడ్రసు, ఫోన్ నంబర్లు అందులో పెడితే పెద్దవాళ్లు చదవలేరు. ఇంగ్లీషులోనైతే అక్షరాల మధ్య ఎడం పెంచొద్దు, గొలుసు తెగిపోతుంది.

నా కార్డుకి చివరికి మా పిన్ని చేత బ్రష్ పెన్నుతో పేర్లు రాయించి, స్కాన్ చేసి, మిగతాదంతా మండలిలో పెట్టాను. డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. పేమెంట్ రసీదు, ఆ బొమ్మ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీలో ఎవరైనా ఇలాగే నష్టపోయి ఉంటే మీరూ చేయండి.