సైటోకైన్ ప్యానెల్: చర్మ లింఫోమా అనుమానం ఉన్నవారికి ఈ పరీక్ష అవసరమా?

చెన్నైలోని ఒక ల్యాబు 'సైటోకైన్ ప్యానెల్' పేరుతో అమ్ముతున్న రక్తపరీక్షను మా పెద్దనాన్నగారికి చేయించాము. ఆయనకు నడుము కింద, తొడల మీద ఏళ్ల తరబడి పొలుసులు కట్టిన ఎర్రటి మచ్చలు, రాత్రి నిద్ర పట్టనివ్వని దురద ఉన్నాయి. తామరకు (ఎగ్జిమాకు) వాడే పూతమందులన్నీ అయిపోయాక, ఇది మైకోసిస్ ఫంగాయిడిస్ అనే చర్మ లింఫోమా, అంటే చర్మంలో మొదలయ్యే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్, కావచ్చునన్న మాట వచ్చింది. సరిగ్గా అప్పుడే, సైటోకైన్లు అనే రోగనిరోధక సంకేతాలను కొలిచి ఇలాంటి జబ్బును ముందే పసిగట్టవచ్చునన్న ఆ ల్యాబు ప్రకటన మా కంటపడింది.

సేవలో పెద్దగా వంక పెట్టడానికి లేదు. తెల్లవారగానే ఇంటికి వచ్చిన కుర్రవాడు చక్కని తెలుగులో మాట్లాడాడు, నొప్పి తెలియకుండా రక్తం తీసి, ట్యూబును ఐసు పెట్టెలో పెట్టుకుని వెళ్లాడు. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. అందులో ఐఎల్-4, ఐఎల్-6, ఐఎల్-10 వంటి సైటోకైన్ల పేర్ల (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్) పక్కన పీకోగ్రాముల లెక్కలున్నాయి, వాటిలో రెండు ఎర్ర అక్షరాల్లో మెరుస్తున్నాయి. ఆ ఎరుపుకు అర్థమేమిటో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. చివరి పేజీ అడుగున, భూతద్దం పెడితే తప్ప కనిపించనంత సన్నగా, 'పరిశోధన అవసరాలకు మాత్రమే' అని ఉంది. ఈ మాట డబ్బు కట్టక ముందు చెప్పవలసినది.

ఆ సంకేతాలకు ఈ వ్యాధిలో పాత్ర లేదని కాదు. మైకోసిస్ ఫంగాయిడిస్‌లో చెడు దారి పట్టేవి చాలావరకు సీడీ4 రకం టీ కణాలు, అంటే రోగనిరోధక శక్తిని నడిపే ఒక రకం తెల్ల రక్తకణాలు. తొలి దశ మచ్చల్లో ఇంటర్‌ఫెరాన్-గామా వంటి టీహెచ్1 తరహా (జబ్బు కణాల మీద దాడిని నడిపే) సంకేతాలదే పైచేయిగా ఉండి, శరీరం వ్యాధిని కొంతవరకు అదుపులో పెట్టుకుంటుంది. జబ్బు ముదిరే కొద్దీ త్రాసు టీహెచ్2 (అలర్జీ తరహా సంకేతాల) వైపు మొగ్గుతుంది: ఐఎల్-5 వల్ల ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరుగుతాయి, ఐఎల్-4, ఐఎల్-13 వల్ల చర్మపు రక్షణ పొర బలహీనపడి స్టాఫిలోకాకస్ సూక్ష్మజీవులు తిష్ఠ వేస్తాయి, ఐఎల్-10 మిగిలిన ప్రతిఘటనను కూడా చల్లార్చేస్తుంది. ముదిరిన దశలో వేధించే దురదకు, నరాల మీద పనిచేసే ఐఎల్-31కి సంబంధం ఉందని పరిశోధకులు చూపారు. వైద్యం కూడా ఈ దారుల్లోనే నడిచింది. ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా ఇంజెక్షన్లు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. టీ కణాలను చర్మానికి రప్పించే సీసీఆర్4 గ్రాహకాన్ని గురిపెట్టే మొగాములిజుమాబ్ అనే మందుకు 2018లో అమెరికాలో అనుమతి లభించింది.

చిక్కల్లా ఏమిటంటే, ఈ టీహెచ్2 సంకేతాలే అటోపిక్ డెర్మటైటిస్‌లోనూ, అంటే మనం మామూలుగా తామర అనుకునే జబ్బులోనూ పెరుగుతాయి. ఈ రెండింటినీ వేరుచేయడమే మాకు కావలసిన పని. దానికి ఈ ప్యానెల్ ఏమాత్రం పనికిరాలేదు. పైగా తొలి దశలో కథంతా మచ్చల్లోనే జరుగుతుంది కాబట్టి, రక్తంలో అంకెలు మామూలుగా ఉన్నా జబ్బు లేదని ధైర్యం చెప్పుకోవడానికి వీల్లేదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అంకెలు చూసి తామరే అని తేల్చేసుకుని, ఐఎల్-4, ఐఎల్-13లను అడ్డుకునే డుపిలుమాబ్ అనే మందు మొదలుపెట్టిన కొందరిలో ఆ తర్వాత లింఫోమా బయటపడిందని, ఉన్నది ముదిరిందని వైద్య పత్రికల్లో నివేదికలు వచ్చాయి.

రిపోర్టు పట్టుకుని వెళితే చర్మవైద్యురాలు దాన్ని ఒకసారి తిరగేసి, "బయాప్సీ చేయించకుండా ముందు ఇది ఎందుకు చేయించారండీ?" అని మాత్రం అడిగారు. ఆమె తీయించిన చిన్న చర్మపు ముక్కలోనే జవాబు దొరికింది, అది లింఫోమాయే: బాహ్యచర్మంలోకి ఎగబాకిన లింఫోసైట్లు (తెల్ల రక్తకణాలు), టీ కణాల మీద మామూలుగా ఉండే సీడీ7 గుర్తు కోల్పోయిన కణాలు, టీ కణ గ్రాహక జన్యు పరీక్షలో ఒకే మూలం నుంచి పుట్టిన గుంపు. ఒక్కోసారి మొదటి బయాప్సీలో తేలక మళ్లీ తీయవలసి వస్తుందని కూడా ఆమె ముందే చెప్పారు. ఇప్పుడు పెద్దనాన్నగారికి 311 నానోమీటర్ల నేరోబ్యాండ్ యూవీబీ (అతినీలలోహిత కాంతి) చికిత్స జరుగుతోంది, దురద సగానికి సగం తగ్గింది.

రక్తం తీసిన కుర్రవాడి పనితనానికి ఐదుకు ఐదు ఇస్తాను, ప్యానెల్‌కు ఒకటి. వైద్యులు ప్రత్యేకంగా రాస్తే తప్ప దీనికి డబ్బు పెట్టవద్దు. ఈ సంగతులన్నీ వివరంగా రాసి ల్యాబుకు పంపితే, అదే ప్యానెల్‌ను మరోసారి చేయించుకోవడానికి రాయితీ కూపను పంపించారు.