పెద్ద అక్షరాల తెలుగు బైబిలు: ఈస్టర్ మొదలు 50 రోజుల చదువుకు

విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలో సాయంత్రం ప్రార్థనకు పాత అనువాదమే ఎక్కువగా చదువుతారు. వినడానికి దానంత హాయి ఇంకొకటి లేదు. చిక్కంతా పదాలతోనే. యోహాను సువార్త 20వ అధ్యాయంలో, చనిపోయి లేచిన యేసు శిష్యులతో మూడుసార్లు (19, 21, 26 వచనాలు) ‘మీకు సమాధానము కలుగును గాక’ అంటాడు. పిల్లలు దాన్ని ‘జవాబు’ అనుకుంటారు. అక్కడి అర్థం శాంతి. ముందే చెప్పి చదివించండి. 21వ అధ్యాయంలో యేసు తన శిష్యుడు పేతురును ‘ప్రేమించుచున్నావా’ అని అడిగేదీ మూడుసార్లే. గ్రీకులో రెండు వేర్వేరు క్రియలున్నా తెలుగులో ఒకే మాట పడింది, ఆ తేడా పోయింది. అయినా ఆ ప్రశ్న గుండెకు తగులుతుంది.

రోజుకో అధ్యాయం చొప్పున లూకా 24, యోహాను 20, 21, ఆపై యోహాను మొదటి పత్రికలోని (1 యోహాను) 5 అధ్యాయాలు: 8 రోజులు. మిగతా రోజుల్లో, పెంతెకొస్తు (ఈస్టర్‌తో కలిపి యాభయ్యో రోజు పండుగ) దాకా, అపొస్తలుల కార్యములు 28 అధ్యాయాలు; పెద్ద అధ్యాయాలను రెండేసి రోజులకు పంచుకుంటే సరిపోతాయి.

కొనేటప్పుడు మధ్యలో తెరిచి కుట్టు దారం కనిపిస్తోందో లేదో చూడండి. జిగురు మాత్రమే ఉంటే మన తీరపు చెమ్మకు పేజీలు ఊడతాయి. కాగితం పల్చన, పెన్ను సిరా వెనక్కి దిగుతుంది. పెన్సిలే వాడండి.